కొండ సైకిలు కొనే ముందు నాలుగు పరీక్షలు

పిల్లలూ! మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చు. లావుపాటి టైర్లు, తిన్నటి హ్యాండిలు ఉన్న సైకిలు కనిపిస్తే ఆగి చూసేవాళ్ళు కూడా మీలో చాలామందే ఉంటారు. వాటిని మౌంటెన్ బైకులంటారు. మనం కొండ సైకిళ్ళు అందాం.

విజయవాడ భవానీపురంలో ఉండే పిల్లలకు ఇలాంటి సైకిలు మీద మనసు పోవడంలో వింతేమీ లేదు. దక్షిణాన కృష్ణానది, ఉత్తరాన కొండలు. హైదరాబాదు రోడ్డు పట్టుకుని గొల్లపూడి, ఇబ్రహీంపట్నం మీదుగా వెళితే కొండపల్లి వస్తుంది. అక్కడ కొండ మీద కోట, కొండపల్లి బొమ్మలకు కర్రనిచ్చే తెల్లపొణికి చెట్లు పెరిగే అడవి ఉన్నాయి. అటు కాకుండా డెల్టా వైపు వెళితే కాలువ గట్ల మీద మట్టి బాటలున్నాయి.

సైకిలు తొక్కేది మీరే అయినా డబ్బు మాత్రం అమ్మానాన్నలది. నెలనెలా కాస్త కాస్త మిగిల్చిన డబ్బు. దుకాణంలో నిలబెట్టిన సైకిళ్ళలో కొన్నిటికి కొండ సైకిలు వేషం తప్ప కొండ ఎక్కే గుణం ఉండదు. వేషాన్నీ గుణాన్నీ వేరు చేసి చూడటం ఎలా? దానికి మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రం చాలు. ఒక టేపు, ఒక స్కేలు, కాగితం, పెన్సిలు తీసుకుని దుకాణానికి పదండి.

మొదటి పరీక్ష: పళ్ళు లెక్కపెట్టండి

ముందుగా చూడవలసింది రంగు కాదు, పెడల్ దగ్గరున్న పళ్ళ చక్రం. దానికి ఎన్ని పళ్ళున్నాయో, వెనక చక్రానికి ఉన్న పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి.

గేర్లు లేని ఒక సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44 ÷ 18, అంటే దాదాపు 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం వ్యాసం 66 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 207 సెంటీమీటర్లు. కాబట్టి పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు 5 మీటర్లు సాగుతుంది.

ఇప్పుడు గేర్లున్న సైకిలు చూడండి. ముందున్న వాటిలో అన్నిటికంటే చిన్న చక్రానికి 24 పళ్ళు, వెనక ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్ద చక్రానికి 28 పళ్ళు ఉన్నాయనుకోండి. గొలుసు ఆ రెంటి మీద ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిలు సాగేది 1.8 మీటర్లే.

తక్కువ దూరం సాగితే లాభమేమిటంటారా? ప్రతి 10 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు ఎక్కాలి. మీరూ సైకిలూ కలిసి 60 కిలోల బరువు. రాపిడి సంగతి వదిలేస్తే, అంత బరువును ఆ వాలు మీద పైకి నెట్టడానికి దానిలో పదోవంతు, అంటే 6 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. పెడల్ చేయి పొడవు 17 సెంటీమీటర్లయితే మీ పాదం ఒక చుట్టుకు 1.07 మీటర్లు తిరుగుతుంది. పాదం చేసే పని, సైకిలు ఎక్కడానికి పట్టే పని సమానం కావాలి కదా! లెక్క ఇలా ఉంటుంది.

గేర్లు లేని సైకిలు: 6 × 5 ÷ 1.07 = 28 కిలోలు.
గేర్లున్న సైకిలు: 6 × 1.8 ÷ 1.07 = 10 కిలోలు.

28 కిలోలంటే చుట్టు పొడుగునా ఉండవలసిన సగటు. పెడల్ పైకొసలోను, అడుగునా ఉన్నప్పుడు కాలి బలం దాదాపు పనికి రాదు. అందుచేత మధ్యలో 40 కిలోలు దాటి తొక్కవలసి వస్తుంది. మీ బరువే 45 కిలోలయితే సీటు మీద కూర్చుని అంత బలంతో ఎంతసేపు తొక్కగలరు? దిగి నడిపించుకుంటూ పోవలసిందే!

అయితే గేరు మీకు పని తగ్గించిందా? లేదు. 100 మీటర్ల ఎత్తుబాట ఎక్కడానికి మొదటి సైకిలు పెడల్ 20 చుట్లు తిరిగితే, రెండవది 56 చుట్లు తిరగాలి. బలంలో కలిసి వచ్చినది దూరంలో పోయింది. పని మాత్రం అంతే. మీ కాలికి అందే మోతాదులో ఆ పనిని పంచిపెట్టడమే గేరు చేసే మేలు.

మరొక సంగతి. ముందు 3, వెనక 7 చక్రాలుంటే 21 గేర్లని రాస్తారు. వాటిలో చాలావరకు దగ్గర దగ్గర నిష్పత్తులే. గేర్లు ఎన్నని కాక, అన్నిటికంటే తేలిక గేరు ఎంతని అడగండి. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగిస్తే ఒకటి గాని, అంతకంటే తక్కువ గాని వస్తే ఆ సైకిలు ఎత్తు ఎక్కడానికి పనికొస్తుంది.

రెండవ పరీక్ష: స్ప్రింగును నొక్కి చూడండి

మీ నాన్నగారు పదివేల రూపాయల వరకు ఇవ్వగలరనుకుందాం. ఒకే ధరకు రెండు సైకిళ్ళున్నాయి. ఒకదానికి ముందూ వెనకా స్ప్రింగులు. రెండవదానికి స్ప్రింగులే లేవు. ఏది కొంటారు? చాలామంది చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది.

కాని ఆలోచించండి. ధర ఒకటే అయినప్పుడు స్ప్రింగులకయిన ఖర్చు ఎక్కడో తగ్గించాలి. గేర్లలోనో, బ్రేకుల్లోనో, చక్రాల్లోనో తగ్గిస్తారు. బరువు మాత్రం పెరుగుతుంది. పైగా మీరు పెడల్ తొక్కినప్పుడల్లా వెనక స్ప్రింగు కుంగుతుంది. మీ కాలి శక్తిలో కొంత సైకిలును ముందుకు నడపక, స్ప్రింగును ఆడించడానికే ఖర్చయిపోతుంది.

మంచి స్ప్రింగు వ్యవస్థలో ఊపును అణచడానికి నూనె గాని, మరొక ఏర్పాటు గాని ఉంటుంది. అది ఖరీదైన వస్తువు. చవక సైకిళ్ళలో ఉండేది తరచు ఉత్త ఇనుప స్ప్రింగే. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలును గట్టిగా నొక్కి వదలండి. బంతిలా ఎగిరి వచ్చిందా? అయితే రాళ్ళ బాటలోనూ అలాగే ఎగురుతుంది. చక్రం నేలను వదిలితే బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ మాట వినదు.

అందుచేత కొత్తగా నేర్చుకునేవారికి, తక్కువ డబ్బులో, స్ప్రింగులు లేని సైకిలే మేలు. లేదా ముందు మాత్రమే స్ప్రింగున్నది చూడండి. చిన్న చిన్న కుదుపులను లావుపాటి టైరులోని గాలే మింగేస్తుంది.

మూడవ పరీక్ష: బ్రేకు

కొండ సైకిలు పుట్టిన కథలోనే బ్రేకు పాఠం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో టమల్‌పయస్ అనే కొండ ఉంది. దాని సమీపాన ఒక మట్టి బాటలో 1976 అక్టోబరు 21న కొందరు కుర్రవాళ్ళు పాతకాలపు బరువు సైకిళ్ళతో కిందికి పందెం పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో దిగుడు దాదాపు 400 మీటర్లు. ఆ సైకిళ్ళకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది. కిందికి చేరేసరికి అందులోని గ్రీజు కాలి పొగలు వచ్చేవి. ప్రతిసారీ ఇరుసు విప్పి కొత్త గ్రీజు నింపాలి. ఇంగ్లీషులో ఆ పనిని ‘రీప్యాక్’ అంటారు. ఆ బాటకు, ఆ పందానికి అదే పేరు నిలిచిపోయింది!

గ్రీజు ఎందుకు కాలింది? మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలనుకోండి. 400 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు వారి స్థితిశక్తి 80 × 9.8 × 400 = 3,13,600 జౌళ్ళు. కిందికి వచ్చి ఆగేసరికి అదంతా ఏదో ఒక రూపంలోకి మారాలి. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి పట్టే ఉష్ణం కూడా సుమారు ఇంతే. కొంత గాలికి, కొంత నేలతో రాపిడికి పోయినా, మిగిలినదాన్ని ఆ చిన్న ఇరుసు భరించవలసి వచ్చింది.

ఆ కుర్రవాళ్ళలో ఒకడైన జో బ్రీజ్ కొండ బాటల కోసమే 1977–78లో కొత్త ఫ్రేములు తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి కొండ సైకిలు పందెం ఒలింపిక్ క్రీడల్లో చేరింది.

ఇక మన దుకాణానికి వద్దాం. బ్రేకులు ముఖ్యంగా రెండు రకాలు. రిమ్మును రబ్బరు ముక్కలతో పట్టేవి ఒకటి, ఇరుసు దగ్గరున్న ఉక్కు పళ్ళేన్ని పట్టే డిస్కు బ్రేకులు రెండవది. వానలో, బురదలో డిస్కు బ్రేకు మెరుగు. కాని నాసిరకం డిస్కు కంటే మంచి రబ్బరు బ్రేకు నయం. దాన్ని ఏ మూల రిపేరు షాపువాడైనా బాగుచేస్తాడు. రిమ్ము తడిసినప్పుడు మాత్రం బ్రేకు ముందుగానే వేయాలని గుర్తుంచుకోండి.

పరీక్ష ఇలా చేయండి. బ్రేకు పిడిని పూర్తిగా నొక్కండి. అది హ్యాండిలుకు తగిలిందంటే బ్రేకు వదులుగా ఉన్నట్లు. చక్రాన్ని ఎత్తి తిప్పండి. రిమ్ముగాని, డిస్కుగాని వంకరగా ఊగుతూ తిరగకూడదు. ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకు నెట్టండి. చక్రం కదలకూడదు. తర్వాత వెనక బ్రేకు కూడా అలాగే చూడండి. ఇందులో తప్పిన సైకిలు ఎంత చవకైనా మీకు వద్దు. ఎక్కలేకపోతే దిగి నడవవచ్చు గాని, దిగేటప్పుడు బ్రేకు పడకపోతే చేసేదేమీ ఉండదు.

నాలుగవ పరీక్ష: మీ కొలత

‘ఎదిగే పిల్లాడు కదా, కాస్త పెద్దది కొందాం’ అని పెద్దవాళ్ళంటారు. చొక్కా విషయంలో అది సరే. వదులు చొక్కా ఎవరినీ పడవేయదు. సైకిలు అలా కాదు. మట్టి బాటలో హఠాత్తుగా కాలు ఆనించవలసి వచ్చినప్పుడు నేల అందాలి.

సీటు ముందున్న అడ్డ కడ్డీకి ఇరువైపులా కాళ్ళు పెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి నిలబడండి. కడ్డీకీ మీ శరీరానికీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల సందు ఉండాలి. తర్వాత సీటెక్కి, పెడల్‌ను అడుగుకు తెచ్చి, దాని మీద మడమ ఉంచండి. కాలు చాపుగా అందితే సీటు ఎత్తు సరిపోయినట్లే.

మరి ఎదిగితే ఎలా? సీటును పైకి జరపవచ్చు, ఫ్రేమును కుదించలేం. అందుకని సరిపోయే ఫ్రేము తీసుకుని, సీటు కడ్డీ పొడవుగా ఉన్నది చూసుకోండి. కడ్డీ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత పైకి కనిపించేంతగా సీటును ఎత్తకూడదు.

టైరు మీది అంకెలు

టైరు పక్కన 26 × 1.95 వంటి అంకెలుంటాయి. మొదటిది చక్రం సైజు, రెండవది టైరు లావు, రెండూ అంగుళాల్లోనే. అదే 26 అంకె మామూలు సైకిలు టైరు మీద 26 × 1⅜ అని ఉండవచ్చు. ఆ టైరు ఈ రిమ్ముకు పట్టదు! రిమ్ము అసలు కొలత మిల్లీమీటర్లలో ఉంటుంది. కొండ సైకిలుది 559, రెండవదానిది 590. 27.5 అంగుళాలదానికి 584, 29 అంగుళాలదానికి 622. కొనే ముందు మీ వీధి షాపులో ఆ సైజు ట్యూబు దొరుకుతుందో లేదో కనుక్కోండి. కాలువ గట్ల మీద తుమ్మ ముళ్ళు ఎవరినీ వదలవు.

టైరుకూ ఫ్రేముకూ మధ్య ఒక వేలు దూరే సందు ఉందా? లేకపోతే వానాకాలం డెల్టా నల్లమట్టి అక్కడ పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది.

పాత సైకిలు కొంటే

మంచి కంపెనీ పాత సైకిలు, నాసిరకం కొత్తదానికంటే మేలు కావచ్చు. గొలుసును స్కేలుతో కొలవండి. ఒక పిన్ను నడిమి నుంచి, దాన్ని లెక్కలో చేర్చకుండా, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను నడిమి వరకు కొత్త గొలుసయితే 30.5 సెంటీమీటర్లుంటుంది. 30.8 దాటితే గొలుసు అరిగినట్లు. ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళు, పెయింటు ముడతలు ఉంటే ఆ సైకిలు వదిలేయండి. పెడల్ చేతులను పక్కలకు ఊపండి, కడకడమంటే లోపలి బేరింగులు అరిగాయన్నమాట.

ఇచ్చిన డబ్బంతా సైకిలుకే పెట్టకుండా హెల్మెట్టుకు, బెల్లుకు, లైటుకు కొంత మిగల్చండి. హైదరాబాదు రోడ్డు మీద లారీల మధ్య ఒంటరిగా బయలుదేరవద్దు. కొండపల్లి వైపు వెళ్ళాలంటే పెద్దవాళ్ళతో వెళ్ళండి. అడవి బాటల్లోకి అడుగు పెట్టే ముందు అటవీశాఖ వారి అనుమతి అడగండి.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో ఉన్న సైకిలుకు ముందూ వెనకా పళ్ళు లెక్కపెట్టండి. పెడల్ ఒక చుట్టుకు అది ఎన్ని మీటర్లు సాగాలో లెక్కకట్టండి. తర్వాత నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, సైకిలును నడిపించి కొలవండి. రెండూ ఎంత దగ్గరగా వచ్చాయి?

2. మీరూ సైకిలూ కలిసి 60 కిలోల బరువు. 40 మీటర్ల ఎత్తున్న గుట్ట దిగివచ్చి ఆగారు. ఎన్ని జౌళ్ళ శక్తి ఉష్ణంగా మారి ఉండాలి?

3. వెనక చక్రం మీద 80 పౌన్ల బరువు పడుతోంది. టైరులో గాలి పీడనం చదరపు అంగుళానికి 40 పౌన్లు. టైరు నేలను ఎన్ని చదరపు అంగుళాల మేర తాకుతుంది? జవాబు వచ్చాక ఒక అగ్గిపెట్టెను పక్కన పెట్టి చూడండి. మిమ్మల్ని జారకుండా కాపాడే చోటు అంత చిన్నదన్నమాట!