పాత కంప్యూటరులో పాల లెక్క భద్రమేనా?

చెంగిచెర్ల అయినా మరే ఊరయినా, మన పాల డబ్బుకు ఆధారం లీటర్లు, వెన్న శాతం అంకెలే. సంఘం లెక్కలు పాత విజువల్ ఫాక్స్‌ప్రోలో ఉంటే జాగ్రత్త అవసరం. దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ మద్దతు 2015 జనవరిలో ముగిసింది. కరెంటు పోయి ఇండెక్సు చెడితే మళ్లీ తయారు చేసుకోవచ్చు. అసలు అంకెలు పోతే బిల్లు తగాదా తీర్చలేం.

1. ఒక్కో ఫైలు 2 గిగాబైట్లు దాటదు. ఏటా పాత లెక్కలను వేరే ఫైలులో పెట్టాలి.

2. రోజూ ప్రోగ్రాము మూసిన తర్వాతే అన్ని ఫైళ్లకు నకలు తీయాలి. ఒక నకలు సంఘం భవనం బయట ఉంచాలి.

3. నెలకోసారి నకలును మరో కంప్యూటరులో తెరిచి, పాల రిజిస్టరుతో సరిచూడాలి.

4. కొత్త ప్రోగ్రాముకు మారేటప్పుడు ఒక బిల్లు పూర్తయ్యేదాకా రెండూ నడపాలి. ప్రతి సభ్యుని మొత్తం సరిపోయాకే పాతది ఆపాలి.

ఈ నాలుగూ జరుగుతున్నవా అని సర్వసభ్య సమావేశంలో అడిగి తెలుసుకుందాం.