గాజుతీగతో నీటి పరీక్ష

మాది కీసర. మా వైపు బోరునీళ్ళలో ఏముందో తెలియాలంటే సీసాలో పట్టి పట్నం పంపవలసిందే. వెంట్రుకంత గాజుతీగను చుక్క నీటిలో ముంచి అక్కడికక్కడే చెప్పలేమా అన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

ఆప్టికల్ ఫైబరు మనకు టెలిఫోన్ల వల్ల పరిచయం. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్స్‌తో కలిసి 1954లోనే ఇటువంటి తీగల కట్ట గుండా బొమ్మను పంపి చూపాడు. కాంతి తీగ దాటి పోకపోవడానికి కారణం సంపూర్ణాంతర పరావర్తనం, మనమంతా ఇంటర్‌లో బట్టీపట్టినదే! గాజు వక్రీభవన గుణకం 1.46 అనుకుందాం. బయట గాలి ఉంటే సందిగ్ధకోణం 43 డిగ్రీలు. తీగ పైతొడుగు ఒలిచి నీటిలో ముంచితే 66. 30 శాతం పంచదార నీటిలో 71. ఒలిచినచోట తీగను 'యు' లాగా వంచితే, వంపు దగ్గర కొన్ని కిరణాలు గోడను తక్కువ కోణంలో తాకి ద్రవంలోకి జారిపోతాయి. ద్రవం చిక్కనైనకొద్దీ అవతలి కొసన వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలే కొలత.

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఈ నాలుకకు రుచి తెలియదు. 10 శాతం ఉప్పునీరు, 12 శాతం పంచదారనీరు, రెండింటి గుణకమూ సుమారు 1.351. తీగకు రెండూ ఒకటే. పైగా మంచినీరే 20 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే గుణకం 0.0024 పడిపోతుంది. నల్లగొండను పీడించిన ఫ్లోరైడు సంగతి చూడండి: మన ప్రమాణాలు ఒప్పే గరిష్ఠం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది గుణకాన్ని ఏడో దశాంశ స్థానంలో కదిలిస్తే గొప్ప. ఉప్పల్ ఎండ ముందు అదెంత!

కనుక తీగకు రసాయనశాస్త్రం తోడు కావాలి. 1980లో అమెరికాలో పీటర్సన్ బృందం తీగ కొసన ఫినాల్ రెడ్ రంగు అమర్చి, రంగు మార్పునుబట్టి పి.హెచ్. కొలిచింది. నాచారంలాంటి పారిశ్రామికవాడలో కాలువ నీరు ఆమ్లమా, క్షారమా తేల్చడానికి నాకు తోచే దారి ఇదే. ఫ్లోరైడుకు జిర్కోనియం-అలిజరిన్ రంగు ఉంది. ఎరుపు పసుపవుతుంది. అయితే ఫ్లోరైడు జిర్కోనియాన్ని లాక్కున్నాక ఆ ఎరుపు మళ్ళీ సులభంగా రాదు. ఒక్కో బావికి కొస కత్తిరించి, కొత్త పూత వేసుకోవలసిందే.