ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు

క్లబ్బు అంటే జెర్సీ, కప్పు అనుకుంటాం. కానీ మైదానం, డబ్బు లెక్క, మ్యాచులు కుదిర్చే మనిషి లేనిదే క్లబ్బు నిలవదు.

ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో డిక్-కెర్ అనే ఫ్యాక్టరీ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ మందుగుండు తయారుచేసిన కార్మిక స్త్రీలు 1917లో జట్టు కట్టారు. ఆఫీసు ఉద్యోగి ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ మేనేజరయ్యాడు, డీప్‌డేల్ మైదానం అద్దెకు తీసుకున్నాడు. టికెట్ల డబ్బు గాయపడ్డ సైనికుల ఆసుపత్రికి పోయేది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో వీళ్ళ ఆటకు సుమారు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరిగేసరికి, 1921లో, ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదంది. తన సభ్య క్లబ్బుల మైదానాలు వాళ్ళకివ్వొద్దని ఆదేశించింది. బంతి లాక్కోలేదు, నేల లాక్కుంది! ఆ నిషేధం 1971 దాకా ఉంది. జట్టు మాత్రం, తర్వాత ప్రెస్టన్ లేడీస్ పేరుతో, 1965 వరకు ఆడింది.

మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో కేరళలోని గోకులం నుంచి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది. 2024-25లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌తో జాతీయ మహిళా లీగ్ గెలిచింది, దేశ ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఈ మూడు క్లబ్బుల్లో ఒక్కటీ తెలంగాణది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు లెక్కపెట్టలేం. మా వార్షికోత్సవ పోటీల్లో ఖోఖో, టెన్నికాయిట్, ముగ్గులు ఉన్నాయి, ఫుట్‌బాల్ లేదు. అందుకే ఆదివారం పొద్దున ఆడదామనుకుంటున్నాం. ఉద్యోగాల్లో ఉన్న అక్కలు ఒక బంతి, మైదానం అద్దె చూసుకుంటే చాలు. పేర్లిచ్చినవాళ్ళం ఏడుగురం. గోల్‌కీపరు ఇంకా దొరకలేదు.