పాచికలపై ఫిర్యాదు

పాచికలాటలో ఓడినవాడు మొట్టమొదట నిందించునది పాచికలనే. తన ఆటను నిందించుకొనువాడు మిక్కిలి అరుదు. శకుని పాచికలను గూర్చి మన పల్లెలలో నేటికిని కథలు చెప్పుకొందురు. అవి మాయ పాచికలని కొందరును, ఎముకలతో చేసినవని కొందరును అందురు. వానిని విప్పి చూచినవారెవరును లేరు గనుక ఆ వివాదము నేటికిని తెగలేదు.

ఇప్పుడు పాచికలు వేయు పనిని కంప్యూటరు కూడ చేయుచున్నది. అయినను నింద మాత్రము మారలేదు. అట్టి నిందలో నిజమెంతయో తేల్చుకొనుట యెట్లు? ప్రోగ్రాములో నిజముగానే దోషము కనబడినపుడు దానిని బాగుచేయువారికి తెలుపుట యెట్లు? ఈ రెండు విషయములను ఒక ఆటను ఆధారము చేసికొని తెలిసికొందము.

ఆ ఆట పేరు బ్యాక్‌గామన్. పాశ్చాత్య దేశములందును, పశ్చిమాసియా యందును దీనికి మిక్కిలి ప్రచారము కలదు. పచ్చీసు ఎరిగినవారికి దీనిని బోధించుట కష్టము కాదు. బల్లపై 24 గడులుండును. అవి బల్లెపు మొనలవలె కోసుగా నుండును. ఆటగాండ్రు ఇద్దరు, ఒక్కొక్కరికి 15 కాయలు. రెండు పాచికలు వేసి, పడిన సంఖ్యలను బట్టి కాయలను నడిపి, తన ఇంటికి చేర్చి, అచ్చటినుండి బయటికి తీయవలెను. కాయలన్నిటిని ముందుగా తీసినవాడు గెలుచును. గడిలో ఒంటిగా నున్న కాయను ఎదిరి కొట్టవచ్చును. దెబ్బ తిన్న కాయ మొదటినుండి మరల బయలుదేరవలెను. జంటగా నున్న కాయల జోలికి ఎవడును పోలేడు. రెండు పాచికలందును ఒకే సంఖ్య పడినచో దానిని జోడి యనుకొందము. అప్పుడు ఆ సంఖ్యను నాలుగు మార్లు నడపవచ్చును. ఇవిగాక 2 మొదలు 64 వరకు సంఖ్యలు చెక్కిన పందెపు పాచిక యొకటి యుండును. దీనిని వేయరు, పందెము రెట్టించినపుడెల్ల త్రిప్పి చూపుదురు. ఈ ఆచారము 1920లలో న్యూయార్కు నగరమున పుట్టినది. పందెమనగా ధనమే కానక్కరలేదు, పాయింట్ల లెక్క చాలును.

ఈ ఆటలో యంత్రము మానవుని గెలిచిన కథ యొకటి చెప్పదగినది. 1979లో మాంటికార్లోలో హాన్స్ బెర్లినర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రచించిన బి.కె.జి. 9.8 అను ప్రోగ్రాము, నాటి ప్రపంచ విజేతయగు లుయీజీ విల్లాను 7-1 తేడాతో ఓడించెను. లోకము ఆశ్చర్యపడెను. కాని బెర్లినర్ తరువాత ఆ ఆటలను ఎత్తు వెంబడి ఎత్తుగా పరిశీలించి, మేలైన ఎత్తులు విల్లావేయనియు, తన యంత్రమునకు పాచికలు అనుకూలించినవనియు ఒప్పుకొనెను. ఓడినవాడు పాచికలను నిందించుట లోక సహజము; గెలిచినవాడు పాచికలకు కీర్తి నిచ్చుట అపూర్వము.

1992లో ఐ.బి.ఎం. పరిశోధకుడగు జెరాల్డ్ టెసారో, తనతో తానే లక్షలకొలది ఆటలాడి నేర్చుకొను ప్రోగ్రామును నిర్మించెను. ఆ మార్గమునే అనుసరించి, 1990ల చివర గేరీ వాంగ్ అను నాతడు గ్నూ బ్యాక్‌గామన్ అను ప్రోగ్రామును ఆరంభించెను. పిమ్మట పలు దేశములవారు దానికి చేయి కలిపిరి. అది మేటి ఆటగాండ్ర స్థాయిలో ఆడును. ఆట ముగిసిన పిదప మనము ఎచ్చట పొరబడితిమో కూడ చూపును. దానికి వెల లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి, దాని సోర్సు కోడు, అనగా యంత్రమునకు మానవుడు వ్రాసియిచ్చిన ఆజ్ఞల మూల ప్రతి, ఎల్లరకును తెరచి యుంచబడినది.

మూల ప్రతి తెరచి యుండుట యంత గొప్ప సంగతియా అని మీరడుగవచ్చును. 1980 ప్రాంతమున రిచర్డ్ స్టాల్‌మన్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండెను. అచ్చటి ముద్రణ యంత్రములో కాగితము తరచు ఇరుకుకొనుచుండెడిది. పాత యంత్రపు ప్రోగ్రామును ఆయన సవరించి, కాగితము ఇరుకుకొనగానే ఆ వార్త పని పంపినవారికి చేరునట్లు చేసియుండెను. క్రొత్త యంత్రము వచ్చెను. దాని మూల ప్రతి మాత్రము రాలేదు. అది గల మరియొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని ఆయన అడిగెను. ఎవరికిని ఈయనని మాట యిచ్చితినని ఆ పరిశోధకుడు నిరాకరించెను. దోషము కన్నుల యెదుట నున్నది, దిద్దగల చేయి సిద్ధముగా నున్నది, కాని తలుపు మూయబడియున్నది. 1983లో స్టాల్‌మన్ గ్నూ ఉద్యమమును ప్రకటించుటకు గల కారణములలో ఈ అనుభవమొకటి. మన ఆట పేరునందలి గ్నూ అను మాట అచ్చటినుండి వచ్చినదే.

ఇక నింద విషయమునకు వత్తము. గ్నూ బ్యాక్‌గామన్‌ను పోషించువారికి మరల మరల వచ్చు ఫిర్యాదు ఒకటి కలదు: “ఈ యంత్రము పాచికలలో మోసము చేయుచున్నది.” ఈ వ్యాసకర్తయు ఒకప్పుడు ఏదో యొక ప్రోగ్రాముతో ఆడి, వరుసగా ఓడి, అట్టి ఉత్తరమే వ్రాయుటకు కూర్చుండెను. నాలుగు పంక్తులు వ్రాసిన పిమ్మట, సాక్ష్యముగా చూపదగినది తన కోపము తప్ప వేరేమియు లేదని తెలిసికొని కాగితము మడిచి పెట్టెను.

లెక్క వేసి చూడుడు. రెండు పాచికలు 36 విధములుగా పడగలవు. అందు ఆరు విధములు జోడీలు. కావున జోడి పడు అవకాశము ఆరింట ఒకటి. వరుసగా మూడు మార్లు జోడీలు పడు అవకాశము 216లో ఒకటి. ఇది మిక్కిలి అరుదని తోచును. కాని వేయి మార్లు పాచికలు వేసినచో అట్టి వరుస సుమారు నాలుగైదు పర్యాయములు రావలసియే యున్నది. రాకున్న అనుమానింపవలెను! మనకు పడిన జోడీలను మన నైపుణ్యమని మరచిపోవుదుము. ఎదిరికి పడినవి మాత్రము శిలాశాసనములవలె మనస్సున నిలిచిపోవును.

మరియొక సూక్ష్మము కలదు. మీ ఒంటి కాయ ఎదిరి కాయకు ఆరు గడుల దూరమున నున్నదనుకొనుడు. నడుమ అడ్డేమియు లేనిచో, 36 విధములలో 17 విధముల పాచికలు దానిని కొట్టగలవు. అదే కాయను ఏడు గడుల దూరమున నిలిపినచో ఆరు విధములు మాత్రమే కొట్టగలవు. ఒక్క గడి భేదమున ప్రమాదము మూడింట ఒక వంతునకు తగ్గిపోయినది. నేర్పరియైన ఆటగాడు తన కాయలను ఏడవ గడిలో నిలుపును. నేర్పు లేనివాడు ఆరవ గడిలో నిలిపి, దెబ్బ తిని, “చూచితిరా, దానికి కావలసినదే పడినది” అనును. నేర్పు గలవానికి పాచికలు అనుకూలించుచున్నట్లు కనబడుటకు ఇదియే కారణము.

అయినను, లెక్కలు చెప్పి నోరు మూయించుట న్యాయము కాదు. ఫిర్యాదు చేసినవానికి పరీక్షించు వీలుండవలెను. ఇచ్చట ఆ వీలు కలదు. కంప్యూటరు ఒక గణిత విధానముచే సంఖ్యల వరుసను పుట్టించును. గ్నూ బ్యాక్‌గామన్ సాధారణముగా వాడునది మెర్సెన్ ట్విస్టర్ అను విధానము. జపాను గణితవేత్తలగు మకోతో మత్సుమోతో, తకుజి నిషిమురా దీనిని 1998లో ప్రకటించిరి. వరుస మొదలగుటకు ఒక సంఖ్య నీయవలెను. దానిని విత్తనమందురు. ఒకే విత్తనము నాటినచో ఎన్ని మార్లైనను ఒకే వరుస మొలచును.

కాబట్టి అనుమానము గలవాడు ఇట్లు చేయవలెను. తానెన్నుకొనిన విత్తన సంఖ్యతో ఆట మొదలుపెట్టి, పడిన పాచికలను వరుసగా కాగితముపై వ్రాసికొనవలెను. మరల అదే విత్తనముతో మొదలుపెట్టి, ఈ మారు వేరు ఎత్తులు వేయవలెను. బల్లపై కాయల స్థితిని చూచుకొని యంత్రము పాచికలు వేయుచున్నచో రెండవ మారు వరుస మారవలెను. అది మారదు. ఇంకను నమ్మనివాడు తన యింటి పాచికలను తన చేతితోనే బల్లపై వేసి, పడిన సంఖ్యలను యంత్రమునకు తెలుపవచ్చును. అట్టి యేర్పాటును అందులోనే యున్నది. అంతటితోను తృప్తి చెందనివాడు మూల ప్రతిని తెరచి, పాచికలు వేయు భాగమును చదువుకొనవచ్చును. ధర్మరాజునకు ఈ మూడింటిలో ఒక్కటియు దొరకలేదు.

ఇంతమాత్రముచే ప్రోగ్రాములో దోషములే యుండవని తలపరాదు. మానవుడు వ్రాసిన దేనియందైనను దోషములుండును. దోషమునకు బగ్ అని పేరు. బగ్ అనగా పురుగు. యంత్రముల లోపమునకు ఆ పేరు పూర్వమునుండియు ఉన్నదే. కాని 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మార్క్ 2 అను కంప్యూటరులో నిజముగానే ఒక చిమ్మట దొరికెను. అచ్చటి పనివారు పద్దు పుస్తకములో వేళ వేసి, ఎఫ్ అను పలకలోని 70వ రిలేలో దొరికినదని వ్రాసి, ఆ చిమ్మటను కాగితముపై అంటించిరి. వేళ, చోటు, వస్తువు మూడును అందు గలవు. దోషమును తెలుపు పత్రమునకు ఇంతకంటె మంచి మాదిరి దొరకదు.

అన్ని దోషములను కాగితమునకు అంటింపలేము గదా. అందుచే మాటలతోనే ఆ పని చేయవలెను. ఒక కల్పిత ప్రోగ్రామునకు ఇద్దరు వ్రాసిన ఉత్తరములను చూడుడు. మొదటివాడు ఇట్లు వ్రాసెను: “మీ ప్రోగ్రాము పనికిరాదు. నిన్న నా ఆట యంతయు చెడినది. వెంటనే సరిచేయుడు.” దీనిని చదివినవాడు చేయగలిగిన పని యేమి? ఏ ఆట చెడినది, ఎట్లు చెడినది, ఆయన కేమి కావలెను, ఒక్కటియు తెలియదు. తిరిగి ప్రశ్నించుటకే ఒక దినము పట్టును. నిజమైన దోషము ఆ కోపము క్రింద దాగి మిగిలిపోవును.

రెండవవాని ఉత్తరమిది: “అయ్యా, మీ ప్రోగ్రాము రెండవ కూర్పును విండోస్ గల కంప్యూటరుపై వాడుచున్నాను. పందెపు పాచిక 4 చూపుచుండగా ఆటను భద్రపరచి మూసితిని. మరల తెరచినపుడు 4 ఉండవలసిన చోట 2 కనబడినది. మూడు మార్లు చేసి చూచితిని. మూడు మార్లును ఇట్లే జరిగినది. పాచిక 2 చూపుచుండగా భద్రపరచినచో ఏ మార్పును లేదు. భద్రపరచిన ఆటను దీనితో పంపుచున్నాను.” చదువువాడు తన బల్లవద్దనే అదే దోషమును తన కన్నులతో చూడగలడు. చూచినదానిని దిద్దుట సులభము. ఈ రెండవవాడు దోషమునకు కారణమేమో ఊహింపలేదని గమనింపుడు. తాను చేసినది, జరుగవలసినది, జరిగినది మాత్రమే చెప్పెను. వైద్యునితో “నాకు ఫలానా మందు కావలెను” అనుటకంటె “రాత్రివేళ పక్కలో నొప్పి వచ్చుచున్నది” అనుటయే మేలు గదా.

గ్నూ బ్యాక్‌గామన్‌లో ఇందుకు తోడ్పడు చక్కని సదుపాయమొకటి కలదు. బల్లపై ముప్పది కాయలు ఏ స్థితిలో నున్నను ఆ స్థితినంతయు 14 అక్షరముల గుర్తులో ఇమిడ్చి చూపును. పందెము, పాయింట్లు మొదలగువానికి 12 అక్షరముల గుర్తు వేరుగా నుండును. ఈ 26 అక్షరములను పోస్టు కార్డుపై వ్రాసి పంపినను, లోకపు మరియొక కొననున్నవాడు అదే బల్లను తన యెదుట పరచుకొనగలడు.

దోషము వేరు, కోరిక వేరు. ప్రోగ్రాములో లేనిదానిని చేర్చుమని యడుగుట కోరిక. దీనిని పోషించువారిలో పెక్కుమంది జీతము లేక తీరిక వేళలలో పనిచేయువారు. వారికి వ్రాయునది మనవియే కాని ఆజ్ఞ కాదు. “కాయల రంగు నీలముగా మార్చుడు” అని యొకడు కోరెననుకొందము. ఎందులకో తెలియక వారు దానిని ప్రక్కకు పెట్టవచ్చును. “ఎరుపునకు ఆకుపచ్చకు గల భేదము నా కంటికి తెలియదు, కాయలను గుర్తింపలేకున్నాను” అని వ్రాసినచో సంగతి వేరగును. గ్నూ బ్యాక్‌గామన్‌లో కాయల రంగులను మనమే మార్చుకొను వీలు ఇదివరకే కలదు గనుక, వారు ఆ చోటు చూపి ఒక్క పంక్తిలో జవాబు వ్రాయుదురు. ముందుగా దాని వివరణ గ్రంథమును చదివియున్నచో ఆ పంక్తి కూడ అవసరముండదు.

కొన్ని కోరికలను కోరినవారే తీర్చుకొందురు. ఈ ప్రోగ్రాము జర్మను, ఫ్రెంచి, జపాను మొదలగు భాషలలో మాటలాడును. ఆయా భాషలవారు పూనుకొని దాని మాటలను ఒక్కొక్కటిగా అనువదించుటచే అది సాధ్యమైనది. గ్నోమ్ అను మరియొక స్వేచ్ఛా సాఫ్టువేరు మాటలను తెలుగువారు కొందరు ఇట్లే తెనిగించిరి. ఈ పని తోచినంత సులభము కాదు. గ్నూ బ్యాక్‌గామన్ ఆట ముగిసిన పిదప ఎవరికెంత అదృష్టము కలిసివచ్చెనో లెక్కగట్టి చూపును. పాచికలు మిక్కిలి అనుకూలించినవానిని జూదమునకు పేరొందిన లాస్ వేగాస్ నగరమునకు పొమ్మనును. మిక్కిలి ప్రతికూలించినవానిని పోయి పడుకొమ్మనును. ఈ చివరి మాటను తెలుగున నెట్లు వ్రాయవలెను? ఆడువాడు పదియేండ్ల బాలుడు కావచ్చును, వాని తాతగారును కావచ్చును. యంత్రమునకు ఆ భేదము తెలియదు. “పోయి పడుకో” అన్నచో తాతగారు నొచ్చుకొందురు. “తమరిక విశ్రమింపుడు” అన్నచో బాలుడు నవ్వును. ఇద్దరకును తగిన మాట యేదియో మీలో నెవరైనను ఆలోచించి చెప్పగలరా?