గడ్డిలో కాపురముండు బూజు

బూజనిన మన రైతులకు చేటే స్ఫురించును. కాటుక తెగులును, అగ్గి తెగులును చూచినవారికి అది సహజమే. కాని న్యూజీలాండు దేశపు పచ్చికబయళ్లలో రైగ్రాసు అను గడ్డి కలదు. దాని కణముల సందులయందు, పైకి గనబడక, ఒక బూజు వసించుచు విత్తనము వెంటనే పిల్లమొక్కకు సంక్రమించును. గడ్డి దానికి ఆహార మిచ్చును. అది పెరమిన్ అను రసాయనమును పుట్టించి ముక్కుపురుగు నోరుపెట్టకుండ జేయును. అయితే లోలిట్రెమ్-బి అను విషమునుగూడ అదియే చేయును. మేసిన గొఱ్ఱెలు వణకుచు తూలిపడును. ఈ తూలు తెవులునకు బూజే కారణమని 1981లో తెలిసెను. బూజును తీసివేసిన సరిపోవునా? అది లేని గడ్డిని ముక్కుపురుగు పాడుచేయుచున్నదని మఱుసటి యేటనే తేలెను.

మాకు మిక్కిలి వింతగా దోచినది 2006లో వెలువడిన పరిశోధనము. ఆ బూజులో నాక్స్-ఏ అను జన్యువు గలదు. చుఱుకైన ఆమ్లజని రూపములను పుట్టించు ఎంజైమునకు అది మూలము. ఆ యొక్క జన్యువును చెఱచినంతనే బూజు అదుపుదప్పి గడ్డియంతట అల్లుకొనెను. గడ్డి గిడసబాఱి చచ్చెను. పొత్తును నిలుపు గట్టు ఇంత సన్ననిదన్నమాట!

పెరమిన్ చేయుచు లోలిట్రెమ్-బి చేయని ఏ.ఆర్.1 అను బూజు రకమును ఎంచి, దానితోగూడిన విత్తనమును అచ్చట రైతులు చల్లుచున్నారు. వెచ్చని కొట్టులో నిలువయుంచిన గింజకు మొలకెత్తు శక్తి యుండగనే లోపలి బూజు చచ్చును గాన, దానిని చల్లగను పొడిగను దాచవలయును.