రైట్ రైట్ అనేముందు

తెనాలి,
2025 నవంబరు 16.

చి. స్రవంతికి,

మీ అత్త కార్తీకమాసమని తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుంటోంది, మోకాళ్లు పట్టేశాయని సాయంత్రం నా చేత తైలం రాయించుకుంటోంది.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే నేను పొడిపొడిగా మాట్లాడానని చిన్నబుచ్చుకున్నావట, మీ అమ్మ చెప్పింది. మీ కాలేజీ పిల్లలు ఆరుగురు కలిసి ఆదివారం ఆదివారం బస్టాపులో నిలబడి పెద్దవాళ్లనీ వికలాంగులనీ బస్సెక్కిస్తామన్నారు, టీషర్టులు కూడా అచ్చేయించామన్నారు. వినగానే చెప్పాల్సినవి బోలెడు గుర్తొచ్చాయి. ఫోన్లో అయితే సగం మింగేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక్కమాట అడుగుతాను. ఆదివారమే ఎందుకమ్మా? మీకు సెలవు కాబట్టి. కర్ర పట్టుకుని నడిచే మనిషికి బస్సుతో పని పడేది సోమవారం పొద్దున, ఆసుపత్రిలో ఓపీ చీటీలు అయిపోకముందే చేరాలని. లేదంటే పింఛను పని మీద, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ పని మీద. ఆదివారం ఆ మనిషి ఇంట్లో పడుకుని ఉంటాడు, మీరు ఆరుగురూ ఖాళీ స్టాపులో ఫొటోలు దిగుతారు. కోపం తెచ్చుకోకు. వారంలో ఒక్క పనిదినం, పొద్దున రెండు గంటలు చాలు.

నేను హైదరాబాదులో సిటీ బస్సు కండక్టరుగా చేశానని నీకు తెలుసు. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం రద్దీ. నేను వెనక తలుపు దగ్గర టికెట్లు కొడుతున్నాను. ముందు తలుపులోంచి ఒక ముసలావిడ ఎక్కుతోంది. కమ్మీ పట్టుకుంది, ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలు లేవలేదు. జనం మధ్యలోంచి నాకు కనిపించింది ఆమె తల, కమ్మీ మీద చెయ్యి, అంతే. ఎక్కేసిందనుకుని రైట్ రైట్ అన్నాను. బస్సు కదిలింది, ఆవిడ కింద పడింది. పెద్ద దెబ్బ కాదు. మోచెయ్యి గీరుకుంది, కళ్లజోడులో ఒక అద్దం పగిలింది. దిగి లేపితే, "నాదే ఆలస్యం నాయనా, నీకు టైమైపోతుంది, పద పద" అంది. నన్ను తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ని.

ఆ తరవాత తలలు చూడడం మానేసి కాళ్లు చూడడం నేర్చుకున్నాను. చూడగా చూడగా ఒక విచిత్రం తెలిసింది. రోజూ ఎక్కే ఒక పెద్దాయన ఒక స్టాపులో ఎవరి సాయమూ లేకుండా ఎక్కేస్తాడు. ఇంకో స్టాపులో అదే మనిషిని ఇద్దరు రెక్కలు పట్టుకుని లాగాలి. బస్సు అదే, మెట్టు అదే. డ్యూటీ లేని రోజు మీ అత్త కుట్టుమిషను డ్రాయర్లోంచి టేపు తీసుకుని వెళ్లాను. బస్సు రోడ్డు మధ్యలో ఆగినప్పుడు మొదటి మెట్టు నేల మీంచి పదహారంగుళాలు. అదే బస్సు ఫుట్‌పాత్‌ని ఒరుసుకుని ఆగితే పదంగుళాలు. మధ్యలో ఆరంగుళాలు ఫుట్‌పాతే మింగేసింది. పదంగుళాలు మీ అత్త కూడా ఎక్కుతుంది, కాస్త మూలిగి. పదహారంటే ఆమె మోకాలి చిప్ప దాకా.

మరి డ్రైవరు ఒరుసుకుని ఎందుకు ఆపడు? తిట్టడానికి ముందు దిగి చూడు. బస్‌బేలో ఆటోలు నిలబడి ఉంటాయి. బస్సు దిగినవాళ్లే వాళ్లకి బేరం, అందుకని బస్సు ఆగాల్సిన చోటే ఆపుకుంటారు. డ్రైవరు రెండో వరసలో ఆపుతాడు. ఒకవేళ సందు దొరికి లోపలికి పెట్టినా, మళ్లీ బయటికి తిప్పుకోవడానికి వెనక కార్లు దారివ్వవు, రెండు నిమిషాలు పోతాయి. ట్రిప్పుకి రన్నింగ్ టైమని ఒకటుంటుంది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తీశావని నెలనెలా లెక్కుంటుంది, దాన్ని కేఎంపీఎల్ అంటారు. ఆగి, కదిలి, మళ్లీ ఆగితే ఆ లెక్క పడిపోతుంది. ముసలావిడ ఎంతసేపట్లో ఎక్కిందన్న లెక్క మాత్రం ఏ వేబిల్లులోనూ ఉండదు. డ్రైవర్లు రాక్షసులేం కారు, వాళ్లమ్మలూ ఆ బస్సులే ఎక్కాలి.

కాబట్టి మీరు టీషర్టులేసుకుని మనుషుల్ని ఎత్తి లోపల పెట్టడం మొదలుపెడితే ఆ పదహారంగుళాలు అలాగే ఉంటాయి. మీ పరీక్షలు రాగానే మీరు వెళ్లిపోతారు, ఆ మెట్టు ఎక్కడికీ పోదు. మీ పని ఆ ఆరంగుళాలు. ఒక్క స్టాపు పట్టుకోండి, ఒక్కటంటే ఒక్కటే. ఆటోవాళ్లతో టీకొట్టు దగ్గర మాట్లాడండి, పోలీసుని తోడు తీసుకెళ్లకండి. స్టాండు ఇరవై అడుగులు ముందుకి జరిగితే వాళ్లకి పోయే బేరమేమీ లేదని వాళ్లే ఒప్పుకునేదాకా మాట్లాడండి. తరవాత డిపోకి వెళ్లి మేనేజరు గారిని కలవండి. 'మానవత్వం' అన్న మాట నోట రానివ్వద్దు, ఆ మాట వాళ్లు ప్రతి మీటింగులోనూ వింటారు. "ఈ స్టాపులో, ఈ రూటు బస్సులు, పొద్దున ఎనిమిది నుంచి పదింటిదాకా ఫుట్‌పాత్‌ని ఆనుకుని ఆగితే చాలు సార్" అని అడగండి. అంత చిన్నది అడిగితే కాదనడానికి ఆయనకీ మొహమాటం.

పెద్దవీ ఉన్నాయి, తెలుసుకుని ఉండు. సిటీ బస్సులకు కేంద్రం పెట్టిన కొలతల్లో నేల ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలు. లారీ ఛాసిస్ మీద కట్టిన పాత బస్సు నేల మీటరు దాటే ఉంటుంది. 400 రకంలో తలుపు దగ్గర మెట్లే ఉండవు. పలక వాల్చితే వీల్‌చైరు నేరుగా లోపలికి పోతుంది. చెన్నైలో వికలాంగుల హక్కులవాళ్లు హైకోర్టులో ఏళ్ల తరబడి కొట్లాడితే 2024లో అలాంటి బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. అది మీ ఆరుగురి వల్ల ఒక సెమిస్టరులో అయ్యేది కాదు. మీ హైదరాబాదులోనే మెట్రో చూడు. 2017లో మొదలైంది, ప్లాట్‌ఫారమూ పెట్టె నేలా ఒకే మట్టం. పధ్నాలుగేళ్లు ముందు వచ్చిన లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో ప్లాట్‌ఫారం మీంచి పెట్టెలోకి ఇప్పటికీ దాదాపు అడుగు ఎత్తు ఎక్కాలి. కట్టేటప్పుడే ఆలోచిస్తే ఒకలా ఉంటుంది, ఆలోచించకపోతే ఇలా ఉంటుంది.

రిటైరై ఇక్కడికొచ్చాక నేనూ మా ఫ్రెండొకాయనా ఒక ఆసుపత్రి ఎదుట స్టాపు పట్టుకున్నాం. ఐదు నెలలు తిరిగాం. ఆటోలు జరిగాయి, ఒక బెంచీ వచ్చింది. దానికి చేతులు ఆనించుకునే కమ్మీలు పెట్టించాం. పెద్దవాళ్లకి కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం. ఈ రెండింటిదాకా బాగానే జరిగింది. తరవాత ఆశ పెరిగి, ఫుట్‌పాత్‌కి ర్యాంపు కావాలని ఒక ఆఫీసులో అర్జీ పెట్టాం. వాళ్లు వారంలో కట్టేశారు, ఫ్లెక్సీ కట్టి కొబ్బరికాయ కొట్టారు. మా ఫ్రెండు మేనల్లుడు వీల్‌చైర్లో వచ్చాడు. సగం ఎక్కేసరికి కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. వెనక నేనున్నాను కాబట్టి సరిపోయింది. ర్యాంపుకి లెక్క ఒకటే: అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. ఆరంగుళాల ఫుట్‌పాత్‌కి ఆరడుగులు. వాళ్లు కట్టింది రెండడుగులు. ఇప్పుడు దాని మీంచి స్కూటర్లు ఫుట్‌పాతెక్కుతున్నాయి, అంటే మేం నడిచేవాళ్లకి కూడా అపకారమే చేశాం. అర్జీలో పొడవు రాయకపోవడం మా తప్పు. నువ్వు ఏ కాగితం మీదైనా 'ర్యాంపు' అని రాస్తే పక్కనే కొలత రాయి.

చట్టం సంగతి కూడా రాయాలి, అర్జీకి అదే వెన్నెముక. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షను రవాణా గురించి. బస్టాపులు, స్టేషన్లు, టికెట్ కౌంటర్లు, రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి. రాసి ఉన్నా ఎందుకు జరగదంటావేమో. చూపు లేని రాజీవ్ రాటూరీ అనే ఆయన 2005లో సుప్రీంకోర్టుకెళ్లారు. 2017 డిసెంబరులో ఒక తీర్పొచ్చింది. మళ్లీ 2024 నవంబరు 8న ఇంకొకటి. అందులో కోర్టు, అందుబాటు ప్రమాణాల్ని చేస్తే చేయొచ్చన్నట్టు వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమంది, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఈ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి కోర్టుకి నివేదిక ఇచ్చింది ఎవరో తెలుసా? మీ శామీర్‌పేటలోని నల్సార్‌లో వికలాంగుల అధ్యయన కేంద్రం. నువ్వు ఒక బస్సెక్కితే చేరే దూరం. వెళ్లి ఆ నివేదిక చదువు. డిపోలో పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరు ఉన్నారు, కాగితం అక్కడికీ పంపొచ్చు.

మనుషుల దగ్గర ఎలా మెలగాలో ఒక చిన్న కథ చెబుతాను, నవ్వుకో. నాకు పరిచయమున్న ఒక తెలుగు మాస్టారికి చూపు లేదు. ఆయన్ని బస్సెక్కించడానికి ఒక కుర్రాడు ఉత్సాహంగా వచ్చి, మోత తగ్గుతుందనుకుని ఆయన చేతిలో తెల్లకర్ర తీసేసుకుని, జబ్బ పట్టుకుని లాక్కెళ్లాడు. "నా కళ్లు నువ్వు తీసుకుని నన్నెక్కడికి తోలుకుపోతున్నావురా" అన్నారాయన. కర్ర ముట్టుకోవద్దు. నీ మోచెయ్యి ఆయనకివ్వు, ఆయనే పట్టుకుంటారు, అరడుగు ముందు నువ్వు నడు. మెట్టు వస్తే చెప్పు, ఎక్కేదో దిగేదో కూడా చెప్పు. బస్సు రాగానే "వచ్చింది ఎక్కండి" అనొద్దు. నంబరు, ఎక్కడికి పోతుందో, రెండూ చెప్పు. మాస్టారిని ఇలాగే మూడుసార్లు వేరే బస్సెక్కించారు, ముగ్గురూ మంచివాళ్లే. వీల్‌చైరుని అడక్కుండా తొయ్యొద్దు. పక్కనున్న మనిషిని "ఈయన ఎక్కడికెళ్లాలి?" అని అడగొద్దు, ఈయన్నే అడుగు. ముసలివాళ్లని తొందరపెట్టకు. ఎక్కేదాకా కండక్టరు వైపు చెయ్యెత్తి పట్టుకుంటే చాలు. ఆ చెయ్యి చూస్తే ఏ కండక్టరూ రైట్ అనడు.

ఆడవాళ్లకి ఉచిత బస్సుల గురించి అడిగావు. మీ దగ్గర 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి వచ్చింది, మాకు మొన్న ఆగస్టు 15న స్త్రీశక్తి. నేను గట్టిగా సమర్థించేవాణ్ని. మీ అత్త నన్నడక్కుండా గుంటూరు వెళ్లొస్తోంది, అదే రుజువు. కానీ కాలు లేవని ఆడమనిషికి జీరో టికెట్ కొట్టినా మెట్టు ఒక్క అంగుళం తగ్గదు. జనం పెరిగాక వికలాంగుల సీటు దాకా వెళ్లడమే పెద్ద ప్రయాణమైంది. ఆ సీటు తలుపు పక్కనే ఉందా, దాని మీద అక్షరాలు చెరిగిపోకుండా ఉన్నాయా అని ఎక్కిన ప్రతి బస్సులోనూ చూసి రాసుకో. ఈ పని సీట్లో కూర్చునే చెయ్యొచ్చు.

చివరిది. మీ ఆరుగురిలో కర్రతో నడిచేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? లేకపోతే ముందు వాళ్లని వెతకండి, వాళ్లు ఒప్పుకున్న స్టాపే పట్టుకోండి. డెన్వర్లో ఉన్న మా పెద్దాడు అక్కడ ఒక కూడలిలో పెట్టిన ఫలకం ఫొటో పంపాడు. 1978 జులైలో పందొమ్మిది మంది వికలాంగులు వీల్‌చైర్లతో సిటీ బస్సుల ముందూ వెనకా చేరి కదలనివ్వలేదట, రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారట. వాళ్ల ఊరి బస్సుల్లోకి లిఫ్టులు వచ్చింది ఆ తరవాతే. ఆ ఫలకం మీద పేర్లు ఆ పందొమ్మిది మందివే. నిన్ను బస్సులాపమని అనడం లేదు, మీ అమ్మ నన్ను చంపేస్తుంది.

ఈ ఉత్తరంతో పాటు నా టేపు కూడా కొరియర్లో వేస్తున్నాను. పాతది, మొదటి మూడంగుళాల అంకెలు అరిగిపోయాయి. నాలుగు దగ్గర మొదలుపెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి నాలుగు తీసెయ్. మెట్టు కొలిచేటప్పుడు డ్రైవరుకి చెప్పి కొలు, చక్రం పక్కన వంగుతావు. అంకెలు నాకు వాట్సప్ చెయ్యి. సంక్రాంతికి వచ్చేటప్పుడు అవన్నీ రాసుకున్న నోట్‌బుక్ తీసుకురా. మీ అత్త అరిసెలు చేస్తానంటోంది, మోకాళ్లు ఒప్పుకుంటే.

ఇట్లు,
మీ మామయ్య