మెనింజైటిస్ : మాటకు అర్థము, పంచాయతీకి కర్తవ్యము

భద్రాచలము అడవి ప్రాంతమున వానకాలము ప్రవేశించినంతనే జ్వరముల బెడద మొదలగును. జ్వరముతో పిల్లవాడు స్మారకము తప్పినచో ఒకరు సంధి పుట్టినదందురు. ఒకరు గాలి సోకినదందురు. పత్రికలు చదువువారు మెదడువాపు అందురు. ఆసుపత్రి చీటీపై వైద్యుడు మెనింజైటిస్ అని వ్రాయును. ఈ మాటలన్నియు ఒకే వ్యాధిని తెలుపునవి కావు. వ్యాధి వేరైనచో మందు వేరు, తీసికొనవలసిన జాగ్రత్త వేరు. కావున గ్రామమునకు బాధ్యులైన పంచాయతీ సభ్యులు ఈ పదము యొక్క అర్థమును చక్కగా గ్రహింపవలెను.

పదము - అర్థము

తాటిముంజెను పలుచని పొర కప్పియుండునట్లు మన మెదడును, వెన్నుపామును మూడు పొరలు కప్పియున్నవి. వెలుపలి పొర దళసరి, నడిమిది సాలెగూడువంటిది, లోపలిది మెదడు నంటియుండు సన్నని పొర. నడిమి, లోపలి పొరల మధ్య తేటనీరువంటి ద్రవము ప్రవహించుచుండును. గ్రీకు భాషలో మెనింక్స్ అనగా పొర. పదము చివరనున్న ఐటిస్ అనునది శోథను తెలుపును. టాన్సిలైటిస్, అపెండిసైటిస్ అను మాటలలో నున్నదియు ఇదియే. సంస్కృత పదములతో దీనిని మస్తిష్కావరణ శోథ అనవచ్చును. తేట తెలుగున మెదడు పొరల వాపు అనిన చాలును.

శోథ అనగా వట్టి వాపు మాత్రమే కాదు. తునికాకు కోతకు పోయినవాని కాలిలో ముల్లు విరిగిన, మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబడును, వేడెక్కును, ఉబ్బును, సలుపును. ఈ నాలుగును కలిసినదే శోథ. కాలికి వచ్చినచో కుంటుచు నడువవచ్చును. కపాలమను గట్టిపెట్టెలో వచ్చినచో ఉబ్బుటకు చోటులేక మెదడు నలిగిపోవును. ఈ వ్యాధి గంటలలో ముదురుటకు కారణ మిదియే.

మూడు వ్యాధులు - ఒకే పేరు

మెదడువాపు అని మనవారు సాధారణముగా వాడు మాట ఎన్‌సెఫలైటిస్ అను వేరొక వ్యాధికి చెందినది. అందు శోథ పొరలకు గాక మెదడునకే కలుగును. వానిలో పేరుపడిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మన దేశమున మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తించిరి. దాని వైరస్ పందులలోను, కొంగలలోను పెరిగి, వరిమళ్ళలో పుట్టు క్యూలెక్స్ దోమ ద్వారా మనుష్యునకు సోకును. ఒక మనిషినుండి మరియొక మనిషికి అంటదు.

రెండవది మెదడు మలేరియా. ఇది ఏజెన్సీ వాసులకు పరిచితమైన ఫాల్సిపేరమ్ మలేరియా ముదిరినపుడు వచ్చును. మలేరియా క్రిమి చేరిన రక్తకణములు మెదడులోని సన్నని నాళములను అడ్డగించును.

మూడవది మెనింజైటిస్. దీనికి బాక్టీరియా, వైరస్, క్షయక్రిమి మున్నగునవి కారణములు. ఇది దోమకాటుచే వచ్చు వ్యాధి కాదు. 1887లో వైక్సెల్‌బౌమ్ కనుగొనిన మెనింగోకాకస్ అను బాక్టీరియా దగ్గు తుంపరల వలనను, సన్నిహిత సహవాసము వలనను వ్యాపించును.

భేద మెఱుగుట ఏల?

మెనింజైటిస్‌ను మెదడువాపు అని నమోదు చేసినచో, గ్రామమంతట దోమలమందు చల్లి ఊరకుందురు. రోగితో ఒకే గుడిసెలో నిద్రించిన వారికి ఈయవలసిన రక్షణ మందు అందకపోవును. మలేరియాను మెనింజైటిస్ అనుకొనినచో రక్తపరీక్ష ఆలస్యమగును. బాక్టీరియా వలన వచ్చు మెనింజైటిస్‌లో ఆరుగురిలో ఒకరు మరణించుచున్నారని, ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన లోపము మిగులుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. అట్టి లోపములలో చెవుడు ఒకటి.

గుర్తింపవలసిన లక్షణములు

హఠాత్తుగా జ్వరము, భరింపరాని తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవుట, గడ్డము రొమ్మున కానింపలేనంతగా మెడ బిగుసుకొనుట, మగత, ఫిట్స్ ముఖ్యమైనవి. చంటిబిడ్డలలో మెడ బిగుసుకొనకపోవచ్చును. బిడ్డ పాలు త్రాగక, ఆగకుండ ఏడ్చుచు, మాడు ఉబ్బియున్నచో అనుమానింపవలెను. చర్మముపై నొక్కినను మాయని ఎఱ్ఱని, నల్లని మచ్చలు కనబడినచో అది మిక్కిలి అపాయకరము.

వెన్నునీటి పరీక్ష

వ్యాధి నిర్ధారణకు వైద్యుడు నడుముకడ సూదితో వెన్నునీరు తీయును. ఇందువలన కాళ్ళు పడిపోవునని భయపడి బిడ్డను ఇంటికి తీసికొనిపోవువారు కలరు. ఈ భయము సరికాదు. సూది గ్రుచ్చుచోటికి పైననే వెన్నుపాము ముగిసిపోవును. మామూలుగా తేటగా నుండు ఆ నీరు మడ్డిగా వచ్చినచో బాక్టీరియా వలన శోథ కలిగినదని వైద్యునకు తోచును. పెద్దలు ఈ విషయమును తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను. తల్లికి కోయభాషయే తెలిసినచో, ఆ భాష వచ్చినవారిని వెంట పంపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. కబురు పంపునపుడు వ్యాధిపేరు ఊహించి వ్రాయరాదు. ఎన్నడు జ్వరము వచ్చినది, మెడ బిగిసినదా, ఫిట్స్ వచ్చినవా అను లక్షణములనే వ్రాయవలెను. పేరు పెట్టుట వైద్యుని పని.

2. ఆశా కార్యకర్తచే మలేరియా రక్తపరీక్ష వెంటనే చేయింపవలెను. అందు మలేరియా లేదని తేలినను రోగిని ఇంట ఉంచరాదు. 108 వాహనము రాలేని గూడెములలో వాగుదాటించు ఏర్పాటు వానకాలమునకు ముందే చేసికొనవలెను.

3. బిడ్డలకు టీకాలు తప్పకుండ వేయింపవలెను. పుట్టగానే వేయు బి.సి.జి. పసిబిడ్డలను క్షయవలని మెనింజైటిస్ నుండి కాపాడును. పెంటావాలెంట్ టీకా, 2021 నుండి దేశమంతట విస్తరించిన న్యూమోకాకల్ టీకా మరి రెండు బాక్టీరియాలనుండి రక్షణ నిచ్చును.

4. పొరుగు పంచాయతీకి వెంటనే తెలియజేయవలెను. 1959లో భద్రాచలము తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరినది. 2014లో చింతూరు, కూనవరం మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ఎల్లలు మారినను సంతలు, చుట్టరికములు మారలేదు. రోగము ఆ బాటలనే నడచును.

5. కోలుకొనిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయింపవలెను.

ఆరోగ్యము, పారిశుద్ధ్యము రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందు విషయములుగా చేర్పబడినవి. ఈ లక్షణములను గ్రామసభలో ఒకమారు చదివి వినిపించుట కర్చులేని పని. సంధి అని, గాలి అని గడపు ఒక్క రాత్రి ఒక బిడ్డ ప్రాణమునకు సమానమని ప్రతి ఇంటికి తెలియవలెను.